ఎన్నిసార్లు పోతాండావమ్మా?

మంత్రాలయం, కోసిగి పల్లెల నుంచి ఆదోనికి వచ్చే రోగులు కూర్చోకముందే ల్యాబ్ కాగితం చేతికిస్తారు. ఒంట్లో వాపును చూపే సీఆర్పీ ఎక్కువని అందులో ఉంటుంది. నెలల తరబడి నెత్తురు, జిగట పడుతున్నా మొలలే అనుకుని నాటుమందు మింగినవాళ్లు ఆ ఒక్క అంకె చూపి ‘ఎంత ముదిరింది సార్?’ అంటారు. కాగితం పక్కన పెట్టి నేను అడిగేది ఒకటే: ‘రోజుకు ఎన్నిసార్లు పోతాండావమ్మా? రాత్రి నిద్రలో లేస్తాండావా?’

పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ తీవ్రతకు 1955లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ట్రూలవ్, విట్స్ పెట్టిన కొలత కూడా ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. రోజుకు ఆరు, ఆపైన నెత్తుటి విరేచనాలు. వాటికి నాడి 90 దాటడమో, జ్వరం 37.8 సెల్సియస్ మించడమో, హిమోగ్లోబిన్ 10.5 కన్నా తగ్గడమో, ఈఎస్ఆర్ 30 దాటడమో, ఏ ఒక్కటి తోడైనా ఆ రోజే ఆస్పత్రిలో చేర్చుకుంటాం.

ఈఎస్ఆర్‌ను మన వైపు మరీ జాగ్రత్తగా చదవాలి. సన్నటి నిలువు గొట్టంలో నెత్తురును గంటసేపు కదపకుండా ఉంచి, ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో చూస్తారు. కణాలు తక్కువుంటే తొందరగా దిగుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు వలసపోయి, ఒంట్లో రక్తం లేక తిరిగొచ్చిన ఆడబిడ్డకు పేగు బాగున్నా ఆ అంకె పెరుగుతుంది. క్షయ ఉన్నా పెరుగుతుంది. పేగు క్షయనూ, పేగులో పుండ్లు పడే మరో జబ్బు క్రోన్స్‌నూ ఈ రక్తపరీక్షలు విడదీయలేవు. కొలనోస్కోపీ చేసి, ముక్క తీసి చూడాల్సిందే. క్షయను క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ మొదలుపెడితే ప్రాణం మీదికొస్తుంది.

సీఆర్పీ మీద నాకు గురి ఎక్కువ. కాలేయం తయారుచేసే ఈ ప్రొటీన్ దాదాపు 19 గంటల్లో సగమైపోతుంది కాబట్టి, మందు పట్టిందో లేదో త్వరగా తెలుస్తుంది. తీవ్రమైన కొలైటిస్‌కు స్టెరాయిడ్ ఇచ్చిన మూడో రోజున కూడా ఎనిమిదిసార్లకు మించి పోతున్నా, మూడు నుంచి ఎనిమిదిసార్లు పోతూ సీఆర్పీ 45 దాటి ఉన్నా, ఆపరేషన్ దాకా వెళ్లే ప్రమాదం చాలా ఎక్కువని 1996లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులే చూపించారు. ఇక్కడా లెక్క విరేచనాలతోనే. పైగా పుండు రేగుతున్నా కొందరిలో సీఆర్పీ అసలు పెరగదు. అలాంటప్పుడు పేగు వాపును చూపే కాల్‌ప్రొటెక్టిన్‌కు మలపరీక్ష మేలు.

కాబట్టి నెత్తురు పడుతుంటే సిగ్గుపడి దాచొద్దు, మొలలని వదిలేయొద్దు. వారం రోజులు ఎన్నిసార్లు పోయారో, ఎన్నిసార్లు నెత్తురు పడిందో రాసుకోండి. పాత ల్యాబ్ కాగితాలు పారేయకుండా, ఆ లెక్కతో కలిపి డాక్టరు ముందు పెట్టండి. జ్వరం, గుండెదడ తోడైతే మాత్రం వారం ఆగకండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.