తామారును వేరుగా చూడని పఠనము
విద్యార్థుల కృంగుదల, లైంగిక ప్రవర్తనపై ఒక విమర్శ

విశ్వవిద్యాలయ విద్యార్థుల మానసిక ఆరోగ్యమునకు, అపాయకరమైన లైంగిక ప్రవర్తనకు గల సంబంధమును పరిశీలించిన సర్వేలు అనేక దేశాలలో వెలువడ్డాయి. కండోమ్ లేని లైంగిక సంబంధము, ఎక్కువమంది భాగస్వాములు, మద్యము మత్తులో జరిగే సంబంధములు కృంగుదల గలవారిలో ఎక్కువగా కనబడుతున్నాయని వాటిలో కొన్ని చెబుతాయి. యౌవనస్థుల కూడికలలో ఈ మాట మరొక రూపము దాల్చుతుంది: పాపము చేశారు గనుకనే కృంగిపోయారు. ఈ పఠనము సర్వేల విషయములోను, వాక్యము విషయములోను నిలువదని మా అభిప్రాయము.

మొదట సర్వేల సంగతి. వీటిలో చాలామట్టుకు ఒకే పర్యాయము ప్రశ్నావళి ఇచ్చి జవాబులు సేకరించినవి. కృంగుదలను అంచనా వేయుటకు విస్తారముగా వాడే పి.హెచ్.క్యూ-9 లోని 9 ప్రశ్నలు గడచిన 2 వారాల స్థితినే అడుగుతాయి. లైంగిక ప్రవర్తన గూర్చిన ప్రశ్నలైతే గడచిన సంవత్సరమును గాని, జీవితకాలమంతటిని గాని అడగవచ్చు. ఈ జవాబులు జంటగా కనబడినంత మాత్రాన ఏది ముందో, ఏది కారణమో తేలదు. ఒకరు ఒంటరితనము భరించలేక ఆ దారి పట్టియుండవచ్చు. మరొకరు తప్పిదము తరువాత కృంగియుండవచ్చు. మద్యము రెండింటికీ తోడ్పడియుండవచ్చు.

ఇంతకంటె గంభీరమైన లోపము మరొకటి. ఎందరితో, ఏ జాగ్రత్తతో అని మాత్రమే అడిగే ప్రశ్నావళి సమ్మతిని గూర్చి అడగదు. అప్పుడు ఇష్టపడి వెళ్లినవారు, బలవంతము చేయబడినవారు ఒకే గడిలో పడతారు. ఆ గడిని చూపించి "మీ పాపఫలము" అని ప్రకటిస్తే, గాయపడినవారి మీద మనమే రెండవ రాయి వేసినవారమవుతాము.

2 సమూయేలు 13వ అధ్యాయము ఈ గడిని విడదీస్తుంది. అమ్నోను మోహముతో చిక్కిపోయాడు. యోనాదాబు అతని దుఃఖమును కనిపెట్టి కూడా కుయుక్తినే నేర్పాడు. అయినను గ్రంథకర్త అమ్నోను వ్యాధిని అతని దోషమునకు సాకుగా చూపలేదు. తామారు వద్దని వాదించిన మాటలను భద్రపరచాడు. ఆమె బూడిద పోసికొని కేకలు వేయుటను, అన్న ఇంటిలో దిక్కులేనిదై ఉండుటను వ్రాశాడు. అబ్షాలోము ఆమెను ఊరకుండుమన్నాడు. దావీదు కోపగించాడు గాని, కుమారుని శిక్షించినట్లు ఆ అధ్యాయములో లేదు. 2 సంవత్సరాల తరువాత ఆ మౌనము హత్యగా బయటపడింది. మన ప్రసంగములు తరచు అమ్నోనుకు ఇచ్చే హెచ్చరికతోనే ముగుస్తాయి. తామారు కేక మనకు వినబడదు.

ఇది పాపమును తేలిక చేయుట కాదా అని కొందరు అడుగుతారు. కాదు. ఇష్టపూర్వకమైన తప్పిదమునకు పశ్చాత్తాపము, క్షమాపణ ఉన్నాయి. బలవంతము చేయబడిన వ్యక్తిని దేనికి పశ్చాత్తాపపడమంటాము? కృంగుదల అనే వ్యాధికి వైద్యము కావాలి. ఈ మూడింటికి ఒకే ప్రసంగము మందు కాదు.

కాబట్టి కాపరి మొదట వినాలి, తరువాతనే మాట్లాడాలి. బలవంతము జరిగినదని తెలిస్తే, లేక హెచ్.ఐ.వి. సోకే అవకాశమున్నదని అనుమానమైతే, ఆలస్యము చేయక ఆసుపత్రికి తోడు వెళ్లాలి. సోకకుండ ఇచ్చే నివారణ మందులు 72 గంటలలోపే ప్రారంభించాలి. మానసిక వేదనలో ఉన్నవారికి 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరుపై ఉన్నది. ఎవరికీ చెప్పనని తొందరపడి ప్రమాణము చేయరాదు: మొదటి సంవత్సరపు విద్యార్థికి 18 ఏండ్లు నిండకపోవచ్చు, 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము అట్టి నేరము తెలిసినవారు దానిని తెలియజేయవలసియున్నది. ఈ హద్దును ముందే చెప్పుట కూడ నమ్మకత్వమే.

అబ్షాలోము చెప్పిన "ఊరకుండుము" అనే సలహాను సంఘము ఇక ఇవ్వకూడదు. ఏ విద్యార్థి అయినా నోరు తెరచిన దినమున, ఏమి చేశావని గాక, నీకు ఏమి జరిగినదని అడుగగల కాపరులు మనకు కావాలి.