మూడు వేషాలు, ఒకటే కీ

ఈ వారం కాలమిస్టుకు చిరాకెత్తించింది ఒక సినిమాల డేటాబేస్. సినిమా పేరు, విడుదలైన ఏడాది, ఆ పక్క గడిలో నటీనటులందరి ఐడీలూ కామాలు పెట్టి వరసగా. ఒకటో నంబరు నటుడి సినిమాలు వెతకబోతే పదకొండు, ఇరవై ఒకటి నంబర్ల వాళ్లవీ తగులుకుంటాయి. ఒక గడిలో ఒకే విలువ ఉండాలని ఎడ్గార్ కాడ్ 1970లోనే రాశాడు. కామా మాత్రం చావలేదు.

దీనికి కాలమిస్టు మందేమిటో పాత పాఠకులకు కంఠతా వచ్చు. మధ్యలో మూడో టేబుల్, అందులో సినిమా ఐడీ, నటుడి ఐడీ. రెండూ ఫారిన్ కీలే, రెండూ కలిపి ప్రైమరీ కీ. దానికి మళ్లీ సొంత ఐడీ తగిలించే కుర్రకారుకు ఈ శీర్షికలో పడ్డ అక్షింతలు తక్కువ కాదు. మైఎస్‌క్యూఎల్ నమూనా డేటాబేస్ సకీలాయే ఆయన సాక్షి: 1000 సినిమాలు, 200 మంది నటులు, మధ్య టేబుల్లో 5462 వరసలు, సొంత ఐడీ ఊసే లేదు. కీలో నటుడు ముందున్నాడు కనక ఫలానా నటుడి సినిమాలు చటుక్కున దొరుకుతాయి. ఫలానా సినిమాలో ఎవరెవరంటే ఆ కీ అక్కరకు రాదు, అందుకని సినిమా ఐడీ మీద వేరే ఇండెక్స్ పెట్టారు. చాలామంది మరిచేది దీన్నే. పోస్ట్‌గ్రెస్ అయితే ఫారిన్ కీకి ఇండెక్స్ తనంతట తాను వేయదు కూడా.

ఇంత పద్ధతైన టేబుల్లోకి ‘దానవీరశూర కర్ణ’ను ఎక్కించబోతే?

1977 నాటి ఆ చిత్రంలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ముగ్గురూ ఎన్టీఆరే. కర్ణుడి వరస ఎక్కుతుంది. దుర్యోధనుణ్ణి ప్రైమరీ కీ డూప్లికేట్ అని గుమ్మంలోనే ఆపేస్తుంది. 1966లో ‘నవరాత్రి’కి అక్కినేని వేసిన తొమ్మిది వేషాల్లో ఎనిమిదింటి గతీ అంతే. సకీలా రాసినవాళ్లు ఈ గోలను లెక్కలోకి తీసుకోలేదు.

పోనీ పాత్రనూ కీలో కలుపుదామంటే, పేరులేని పాత్రకు నల్ పెట్టడానికి ప్రైమరీ కీ ఒప్పుకోదు. పైగా డబ్బింగ్ సంగతి ఒకటుంది. రాజశేఖర్‌కు సాయికుమార్ గొంతు ఇచ్చిన సినిమాలు ఎన్నని! ఆ గొంతు కలిసేది మనిషితో కాదు, ఆ సినిమాలోని ఆ పాత్రతో. అంటే డబ్బింగ్ టేబుల్ ఈ మధ్య టేబుల్లోని వరసనే వేలెత్తి చూపాలి, లేదా మూడు కాలమ్‌లనూ వెంట ఈడ్చుకు తిరగాలి. సంబంధానికీ సొంత లక్షణాలుంటాయని పీటర్ చెన్ 1976లోనే చెప్పాడు.

కనక కుర్రకారు తగిలించే ఆ ఐడీని ఇక్కడ ఉండనివ్వాల్సిందే. సినిమా, నటుడు, పాత్ర కలిపి యూనిక్ నిబంధన మాత్రం తప్పనిసరి. నల్‌లను అది మామూలుగా ఒకటిగా లెక్కపెట్టదు, పేరులేని పాత్రలను మీరే చూసుకోవాలి.