డొంకలో ఏడాది: మా ఛాయాచిత్రాలపై ఒక పరిశీలన

‘తీగ లాగితే డొంకంతా కదిలింది’ అన్న సామెతను తరగతిలో చెబుతూ, డొంక అంటే ఏమిటని విద్యార్థులను అడిగాం. బరంపురం పట్టణంలో పుట్టి పెరిగినవారు పొద అన్నారు, తీగలల్లుకున్న గుబురు అన్నారు. గోపాలపురం వైపు పల్లెల నుంచి వచ్చేవారు ఒప్పుకోలేదు. వారికి డొంక అంటే దారి. అటూ ఇటూ కంచెలా చెట్లు పెరిగి, నడుమ మనుషులూ పశువులూ నడిచే దారి. రెండు మాటలూ ఒప్పే. మన నిఘంటువుల్లో రెండర్థాలూ ఉన్నాయి. సామెతలోది మొదటి అర్థమే అయినా, గుబురుకూ దాని నడుమ దారికీ భాష ఒకే పేరు పెట్టుకోవడం మమ్మల్ని ఆలోచనలో పడేసింది. అప్పటికి కొన్ని నెలలుగా మేము తీస్తున్న ఛాయాచిత్రాలలో లోపించినదేమిటో ఆ మాట పట్టిచ్చింది.

ఆ పని సంగతి ముందు చెప్పాలి. లంజిపల్లిలో ఉండే నలుగురు విద్యార్థులు, మరో ఇద్దరు, మేము కలిసి ఏడాది పాటు ఆదివారాలు లంజిపల్లిలో కలుసుకుని, సముద్రం వైపు పల్లెల్లోకి వెళ్ళి ఒకే డొంకను నెలకు నాలుగు చిత్రాల చొప్పున తీశాం. మొత్తం 48 చిత్రాలు. అది పెద్ద అడవి కాదు. అడవి అనదగ్గ అడవి చూడాలంటే పడమరగా దిగపహండి మీదుగా తప్తపాణి ఘాటు ఎక్కాలి. మాది చిట్టడవి: రెండు వైపులా మొగలి పొదలు, వాటి వెనుక తాడిచెట్లు, కొంత సరుగుడు, కొంత జీడిమామిడి, రెండు మూడు వేపలు, మలుపు దగ్గర ఒక మారేడు. ఏడాది నిండాక చిత్రాలను వరుసగా గోడకు తగిలించి చూసుకున్నాం. తీసినవారిలో మేమూ ఉన్నాం కనుక ఈ విమర్శ మొదట తగిలేది మాకే.

చిత్రాలు బాగున్నాయి. ఆ మాట దాచనక్కరలేదు. మార్గశిరంలో మంచు కప్పిన తాళ్ళ వరుస, ఫాల్గుణంలో రాలిన ఆకుల మీద ఏటవాలు ఎండ, ఏ కాలెండరుకైనా సరిపోతాయి. చిక్కు అక్కడే ఉంది. 48 చిత్రాల్లో మనిషి కనిపించేది మూడింట. ఆ మూడింటిలోనూ వీపు తిప్పుకుని దూరంగా పోతున్న ఆకారమే. ఆ దారిన నిత్యం పశువుల కాపరులు, కట్టెలమోపులు, సైకిళ్ళ మీద బడిపిల్లలు పోతూనే ఉంటారు. వారు దాటిపోయేదాకా ఆగి ఆగి మేము మీట నొక్కాం.

ఛాయాచిత్రం పుట్టిన రోజుల్లో ఇలా జరిగితే యంత్రం తప్పు అనవచ్చు. 1838లో డాగేర్ పారిస్ నగరంలో ఒక పెద్ద వీధిని తీశాడు. పట్టపగలు జనంతో, బళ్ళతో కదలాడే వీధి అది. నిమిషాల తరబడి కాంతి పడితే గాని పలక మీద రూపం నిలవని కాలం కనుక కదిలేవారంతా చెరిగిపోయారు. బూట్లు తుడిపించుకుంటూ ఒకచోట నిలబడినవాడు మాత్రం మిగిలాడు. మన చేతిలోని ఫోను సెకనులో వందో వంతులో పని ముగిస్తుంది. డాగేర్ పలక మీది నుంచి మనుషుల్ని కాలం తుడిచేసింది. మా చిత్రాల్లోంచి వారిని తొలగించింది మా అభిరుచి. ప్రకృతి అంటే మనిషి లేని చోటు అన్న అభిప్రాయం మాకెక్కడిదో మేమే వెతుక్కోవాలి. ఇంగ్లీషు పత్రికల రంగుపుటల్లోంచి వచ్చిందని మా అనుమానం.

ఇక వర్షఋతువు చిత్రాలు. ఈ వరుసలో కాస్త ఆగి చూడదగినవి ఇవే. మారేడు పక్కనున్న పాత గట్టురాయి మీద నిలబడి ప్రతి నెలా ఒక చిత్రం ఒకే వైపు తీయాలని మొదట్లోనే నియమం పెట్టుకున్నాం. ఆ పన్నెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చెట్లకంటె దారే ఎక్కువ మారింది. జ్యేష్ఠంలో డొంక నడిమధ్యన తెల్లటి ఇసుక గీతలా ఉన్న బాట, శ్రావణానికి నీటి కాలువ అయింది. పల్లం గనుక చుట్టుపట్ల నీరంతా అందులోకే దిగుతుంది. అప్పుడు మనుషులు నడక మానలేదు. ఎడమ గట్టు మీదికి ఎక్కారు. భాద్రపదం చిత్రంలో ఆ గట్టు మీద గడ్డి అణిగి, జానెడు వెడల్పున కొత్త బాట స్పష్టంగా కనిపిస్తుంది. కార్తికంలో నీరు తీసి బాట మళ్ళీ మధ్యకు వచ్చింది. పుష్యంలో కోతలయ్యాక డొంకే దాదాపు ఖాళీ. వరి మోళ్ళ మీదుగా అడ్డదారి పడింది, అందరూ అటే. దుక్కి మొదలైతే ఆ అడ్డదారి మాయమై జనం మళ్ళీ డొంకలోకి వస్తారు. పూసే చెట్టుకూ, రాలే ఆకుకూ ఋతువులున్నాయని చదువుకున్నాం గాని దారికి కూడా ఉంటాయని మాకు ఎవరూ చెప్పలేదు. ఈ సంగతి బయటపెట్టిన చిత్రాలు 48లోనూ చూడడానికి ఏ అందమూ లేనివి. వాటిని గోడకు పెట్టవద్దని ఒక విద్యార్థి పట్టుబట్టాడు కూడా.

వానాకాలంలో మేము పోగొట్టుకున్నది మరొకటి ఉంది, మొగలిపువ్వు. గంజాం సీమకు ఇది కేవలం పువ్వు కాదు, బతుకుతెరువు. ఒడియాలో కియా అనే ఈ పువ్వును తెల్లవారుజామున కోసి, వాసన పోకముందే బట్టీలకు చేర్చి, రాగి పాత్రల్లో కాచి అత్తరు తీస్తారు. గంజాం మొగలిపువ్వుకూ, దాని సారానికీ భౌగోళిక గుర్తింపు లభించింది. పరిమళం మగచెట్టు పువ్వుకే. ఆడచెట్టుకు అనాసపండును పోలిన కాయ కాస్తుంది. అబద్ధపు సాక్ష్యం చెప్పి శివపూజకు దూరమైన పువ్వని మన పురాణాలు చెబుతాయి. ఆ శాపం బట్టీల వ్యాపారానికి ఏమీ అడ్డం రాలేదు. ఇంత కథ ఉన్న పువ్వు మా 48 చిత్రాల్లో ఒక్కదానిలోనూ లేదు. కారణం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది: ఆదివారం టిఫినుచేసి ఎనిమిదిన్నరకు లంజిపల్లిలో కలుసుకునేవాళ్ళం. మేము చేరేసరికి కోత అయిపోయేది. ముళ్ళాకుల మధ్య కోసిన తొడిమలు మాత్రం మాకు కనిపించేవి, వాటిని మేము ‘వర్షాకాలపు పచ్చదనం’ అన్న శీర్షిక కింద తీశాం.

ఇక్కడ మన ప్రబంధాలను తలచుకోవడం అవసరం. ఋతువర్ణన అనగానే విద్యార్థులు ముఖం చిట్లిస్తారు. అష్టాదశ వర్ణనల లెక్క కోసం కవి చేసే మొక్కుబడి అని వారి అభిప్రాయం. చాలా ప్రబంధాల విషయంలో అది నిజం కూడా. చూసి రాసిన చెట్టుకు బదులు చదివి రాసిన చెట్టు వాటిలో ఎక్కువ. కాని ఆముక్తమాల్యదలో వానాకాలం చదివినవారు అలా అనలేరు. ముసురులో ఇల్లిల్లూ తిరిగితే గాని పొయ్యికి నిప్పు దొరకని అవస్థ కృష్ణరాయలకు కనిపించింది. చక్రవర్తికి కనిపించిన ఆ వంటింటి పొగ, ఆ తడికట్టెల బాధ, డొంకలో కట్టెలమోపు ఎదురైనా కెమెరా దించిన మాకు కనిపించలేదు. ఆ కావ్యం రాయాలన్న సంకల్పం ఆయనకు కళింగ దండయాత్ర సందర్భంలో కలిగినట్లు అవతారికలోనే ఉంది. కళింగదేశంలో కూర్చుని తెలుగు చదివే మనకు ఆ ముక్క కొంచెం దగ్గరగా తోచడం సహజం.

వరుస సంగతి కూడా ఆలోచించాలి. మేము ఉగాదితో మొదలుపెట్టి ఫాల్గుణంతో ముగించాం, ఎందుకని ఎవరూ అడగలేదు. కాళిదాసు ఋతుసంహారం వసంతంతో మొదలు కాదు. గ్రీష్మంతో మొదలై వసంతంతో ముగుస్తుంది. ఎండిన బాటను మొదట చూపిస్తే చివరి చిగురుకు ఒక విలువ వస్తుంది. మా వరుసలో చిగురు మొదటే వచ్చి, చివరికి ఆకులు రాలిన నేల మిగిలింది. పైగా పంచాంగం చెప్పే ఋతువూ, డొంకలో కనిపించే ఋతువూ ఒకటి కావు. జూన్ నడుమ తొలకరి పడేనాటికి పంచాంగం ప్రకారం ఇంకా గ్రీష్మమే. కావ్యాల్లో నిర్మలాకాశానికి పేరుపడ్డ శరత్తు ఈ తీరంలో తుపానుల కాలం.

మనకు మరో పేచీ కూడా ఉంది. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పంచాంగంలో పున్నమితో. అందువల్ల కృష్ణాష్టమి మనకు శ్రావణ బహుళంలో, ఇరుగుపొరుగు వారికి భాద్రవంలో. ఒకే ఆదివారం తీసిన రెండు చిత్రాల కింద ఒక విద్యార్థి శ్రావణమనీ, మరొకరు భాద్రవమనీ రాశారు. మేము రెండింటినీ అలాగే ఉంచాం. వేపపువ్వు మన ఉగాది పచ్చడికి, మారేడు గుజ్జు ఒడియావారి పణా సంక్రాంతి పానకానికి. బరంపురంలో చాలా తెలుగిళ్ళు ఈ రెండూ రుచి చూస్తాయి. ఆ రెండు చెట్లూ మా డొంకలో ఇరవై అడుగుల ఎడంలో ఉన్నాయి. రెండూ ఒకే చిత్రంలో వచ్చాయి కూడా. తీసినప్పుడు ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

పేర్ల విషయంలో మా వైఫల్యం అన్నిటికంటె పెద్దది. ‘చెట్టు’, ‘తీగ’, ‘ఫుట్‌పాత్’, ‘ఫారెస్ట్’ అన్న నాలుగు మాటలతో 48 శీర్షికలూ ముగిశాయి. బాట, తోవ, డొంక, పుంత, అడ్డదారి అని తెలుగులో వేర్వేరు మాటలున్నాయి. బండి పోయేది వేరు, కాలినడకది వేరు. తోపు అంటే వేసినది, అడవి అంటే పెరిగినది. ఈ తేడాలు ఇళ్ళలోని పెద్దలకు తెలుసు, అడగాలన్న ఊహ పిల్లలకు లేదు. సర్ వాల్టర్ ఎలియట్ 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ అచ్చు వేసినప్పుడు ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లనే ఆధారంగా చేసుకున్నాడు. అంతకుముందు సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ కూడా తెలుగు పేర్లు అడిగి రాసుకున్నవాడే. సోమిద అన్న మన మాటే వృక్షశాస్త్రంలో ‘సోయ్‌మిడా’ అన్న ప్రజాతి నామమైంది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలను ఇంట ఉంచుకుని వారి భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. మనం ఇక్కడే ఉన్నాం. పక్కన నడుస్తున్న మనిషిని చెట్టు పేరు అడగడానికి మనకు రెండు భాషలున్నాయి. తాడి అనీ తాళ అనీ, ఇప్ప అనీ మహుల అనీ, తునికి అనీ కెందు అనీ శీర్షికలో రెండూ రాయవచ్చు.

సాంకేతిక విషయాలు రెండు మాటల్లో. కెమెరా ప్రతి దృశ్యాన్నీ నడితరం బూడిదరంగు వెలుతురుకు దించాలని చూస్తుంది. అందుకే వేసవిలో తెల్ల ఇసుక బాట చిత్రాల్లో మసకబారింది, గుబురు నీడ తీసినప్పుడు పాలిపోయింది. ఇసుకకు కాంతి కొంచెం పెంచాలి, నీడకు తగ్గించాలి. నడిమధ్యాహ్నం డొంకలోకి వెళ్ళకపోవడం ఇంకా మంచిది.

చివరగా ఒక చిత్రం గురించి. అది మా 48లో లేదు. వరుస గోడ మీద చూసిన ఒక విద్యార్థిని మరునాడు ఇంటినుంచి ఒక ఫోటో తెచ్చింది. 2012 నాటిది. మేనమామ పెళ్ళికి వెళుతూ కుటుంబమంతా డొంక మొదట్లో నిలబడి తీయించుకున్నది. కొత్త చీరలు, ఎండకు చిట్లించిన కళ్ళు, కాళ్ళ దగ్గర ఒక కుక్క. వారి తలల మీదుగా చూస్తే ఇప్పుడు లేని సరుగుడు తోపు కనిపిస్తుంది. 2013 అక్టోబరు 12 రాత్రి, దసరా రోజుల్లో, ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లు మించిన ఆ గాలికి తోపు నేలకొరిగింది. మేము ఏడాది పొడవునా తీసినది ఆ తరువాత మిగిలిన డొంకను. తోపు ఎక్కడిదాకా ఉండేదో, బాట అప్పుడు ఎటు తిరిగేదో చెప్పే ఆధారం మా దగ్గర ఆ పెళ్ళి ఫోటో ఒక్కటే. అందులో ఎవరూ తోపును తీయలేదు. ఎడమ చివర నిలబడిన అమ్మమ్మ గారు ఇప్పుడూ ఉన్నారు. ఫోటో చూపిస్తే ఆమె మనుషుల కంటె ముందు చెట్లనే గుర్తుపట్టారట, ఒక్కొక్కదానికీ పేరు చెప్పారట.

ఆ ఫోటోకు నకలు తీయించి మా వరుసలో మొదట పెట్టాం. డొంకకు అవతలి కొసన ఇప్పుడు ఇళ్ళ స్థలాలకు రాళ్ళు పాతారు. గట్టు మీది వానాకాలపు బాట వాటిలో ఒకదాని మీదుగా పోతుంది. రానున్న శ్రావణంలో మళ్ళీ వెళుతున్నాం, తెల్లవారుజాము నాలుగు గంటలకు, మొగలి కోసేవారితో ముందుగా మాట్లాడుకుని. ఆ అమ్మమ్మ గారు కూడా వస్తామన్నారు.