కొండవాగుకు తగిన చేతివల

జపాన్‌లో కొండవాగుల వెంట చేపలు పట్టేవాళ్లు ఒక గుండ్రని చేతివలను నడుం పట్టీలో, వీపువైపు దోపుకొని తిరుగుతారు. దాని పేరు తామో. వాళ్ల పద్ధతిని తెంకారా అంటారు. రీలు లేని పొడవాటి గాలపు కర్ర, ఒక దారం, దారం చివర ఈకలతో కట్టిన బూటకపు పురుగు. సరంజామా అంతే. రీలును కూడా అక్కర్లేదనుకున్న ఈ మనుషులు వలను మాత్రం వదులుకోలేదు. వీపుసంచిలో పట్టే వల కోసం దుకాణాల్లో వెతికేవాళ్లు ముందుగా గమనించాల్సింది ఈ సంగతినే.

బ్రిటిష్ దౌత్యవేత్త ఎర్నెస్ట్ సాటో 1878లో తతెయమా పర్వతం ఎక్కినప్పుడు రాసుకున్న దినచర్యలో ఈ వేట ప్రస్తావన ఉంది. తెంకారా గురించి దొరికిన తొలి రాత అదేనంటారు. ఆనాటి కొండ ఊళ్లలో ఇది పొట్టకూటి పని. ఇవానా, యమమే, అమగో అనే వాగుచేపలను పట్టి సత్రాలకు అమ్ముకునేవారు. రీలు లేనప్పుడు చేపను దారంతో పాటు చుట్టుకుంటూ దగ్గరకు లాక్కోవడం కుదరదు. కర్రను వెనక్కి వాల్చి, చేపను తమవైపు జారేలా చేసి, రెండో చేతిలోని వలలోకి అందుకోవాలి. చిన్న చేపనైతే చేయి తిరిగినవాడు నీటిలోంచి ఒక్క ఊపున లేపి గాలిలోనే వలలో వేసుకుంటాడు. ఎంత పట్టు పట్టినా ఆఖరి మూరెడు దూరంలో జారిపోయిన చేపకు డబ్బు రాదు మరి.

తామో తయారీ చెట్టు దగ్గరే మొదలవుతుంది. ఒకే చోటునుంచి ఎదురెదురుగా రెండు రెమ్మలు చీలిన కొమ్మ దొరకాలి. కాయా అనే సూదాకు చెట్టు కొమ్మకు ఈ పనిలో మంచి పేరు. కొమ్మ పచ్చిగా ఉండగానే బెరడు ఒలిచి, రెండు రెమ్మలనూ గుండ్రటి అచ్చు చుట్టూ వంచి కట్టేస్తారు. తొందరపడితే విరుగుతుంది, లేదా కట్టు విప్పగానే మళ్లీ విచ్చుకుంటుంది. అందుకే నెలల తరబడి ఆరనిస్తారు. ఆరాక రెమ్మల కొసలను ఏటవాలుగా చెక్కి, ఒకదానిపై ఒకటి ఆనించి అతికిస్తారు. తర్వాత నునుపు చేసి లక్క పూస్తారు. చట్రం, పిడి వేరువేరు ముక్కలు కావు కాబట్టి ఊడిపోయే కీలు గానీ, వదులయ్యే మర గానీ ఇందులో ఉండదు. కొమ్మకున్న వంకరే పిడికి పట్టు. చట్రం అడ్డకొలత సుమారు 25 నుంచి 30 సెంటీమీటర్లు. జపాన్ పాత కొలత ‘షాకు’ కూడా దాదాపు 30 సెంటీమీటర్లే. వాగులో షాకు పొడవున్న చేప పడితే ఆ రోజు గొప్పగా చెప్పుకుంటారు.

గుండ్రంగా ఉండటం అందానికి కాదు. చేప ఎటునుంచి వచ్చినా వల ఒకే వెడల్పుతో ఎదురవుతుంది. సంచి లోతు తక్కువ కాబట్టి చేప విల్లులా వంగిపోకుండా తిన్నగా పరిచినట్టు ఉంటుంది.

2009లో తెంకారా యూఎస్ఏ అనే సంస్థ ఈ పద్ధతిని అమెరికాకు పరిచయం చేసింది. రోజుల తరబడి నడిచి రాకీ పర్వతాల సరస్సులకూ, సియెర్రా నెవాడా వాగులకూ చేరేవాళ్లకు ఇది వెంటనే నచ్చింది. ఒకదానిలోకి ఒకటి దూరే కర్ర మడిస్తే అరమీటరుకు అటూఇటుగా అవుతుంది. కానీ తామోను మడవలేం. పొదల్లో నడుస్తుంటే ప్రతి కొమ్మా దాని సంచిని పట్టుకొని లాగుతుంది. సాగే తాడుతో వీపుకు తగిలించుకుంటే కథ ఇంకా బాగుంటుంది. వల కొమ్మకు చిక్కుకుంటుంది, మనిషి ముందుకు నడుస్తాడు, తాడు సాగుతుంది, కొమ్మ వదిలేస్తుంది. తర్వాత వల ఎక్కడికి వచ్చి తగులుతుందో చెప్పనక్కర్లేదు. అయస్కాంతపు కొక్కీతో బిగుతుగా వీపుకు పెట్టుకోవడమే మేలు.

మడిచే వలల్లో బాగా పనికొచ్చేది స్ప్రింగు తీగ చట్రం ఉన్నది. కార్ల అద్దాలకు అడ్డుపెట్టే ఎండతెరలాగా మెలిపెడితే చిన్న చుట్టగా మారి సంచిలో దూరుతుంది, వదలగానే విచ్చుకుంటుంది. కీళ్ల దగ్గర మడిచేవి కూడా ఉన్నాయి గానీ, కీలులో ఇసుక చేరితే మొరాయిస్తాయి. ఏ రకమైనా ఒంటిచేత్తో తెరుచుకోకపోతే కొనడం దండగ. రెండో చేతిలో కర్ర ఉంటుందని వాటిని తయారుచేసినవాళ్లలో కొందరు మరిచిపోయినట్టున్నారు.

అంతకన్నా పెద్ద సంగతి సంచి గుడ్డ. పట్టిన చేపను వదిలేయడం పులస కోసం ఎదురుచూసే గోదావరి వాళ్లకు వింతగా ఉండొచ్చు. కానీ అమెరికాలోని చాలా వాగుల్లో ట్రౌట్ చేపను వదిలేయడం ఆనవాయితీ, కొన్నిచోట్ల చట్టం. చేప ఒంటిమీది జిగురు దానికి రోగాలనుంచి రక్షణ. ముడులున్న గరుకు నైలాన్ ఆ జిగురును గీరేస్తుంది, రెక్కలను చీలుస్తుంది. కెనడాలో బ్లూగిల్ చేపలపై చేసిన అధ్యయనం ఒకటి 2003లో వెలువడింది. వల లేకుండా చేత్తో తీసిన చేపల్లో ఒక్కటీ చావలేదు. వలలో పడ్డవాటిలో రకాన్ని బట్టి 4 నుంచి 14 శాతం చనిపోయాయి. రబ్బరు వలలు, ముడుల్లేని వలలు ముడుల వలలకన్నా తక్కువ గాయం చేశాయి. అయితే మందపాటి రబ్బరు బరువు, మడత పడదు. అందుకని నడకదారి మనిషికి సరిపోయేది రబ్బరు పూత పూసిన, ముడుల్లేని సన్నని వల. బూటకపు పురుగు కొక్కెం కూడా అందులో అంత తేలిగ్గా చిక్కుకోదు.

మరి చేతితోనే సరిపోతే వల ఎందుకు? జవాబు 1992 నాటి మరో పరిశోధనలో ఉంది. ఫెర్గసన్, టఫ్ట్స్ అనే శాస్త్రవేత్తలు రెయిన్‌బో ట్రౌట్‌లను అలసిపోయేదాకా ఈదించారు. అలసట ఒక్కటే అయితే 12 శాతం చనిపోయాయి. ఆపైన 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో 38 శాతం, 60 సెకన్లు ఉంచినవాటిలో 72 శాతం పోయాయి. ప్రయోగశాల అంకెలు వాగుకు యథాతథంగా వర్తించవు. అయినా పెద్ద చేపను చేతుల్లో జారనిస్తూ, పట్టుకుంటూ, బండలమీద పడేస్తూ గడిపే నిమిషం దానికి ఎంత ఖరీదో తెలుస్తుంది. వలలో, నీటిలోనే నిలిపి ఉంచితే ఆ నిమిషమంతా చేప శ్వాసిస్తూనే ఉంటుంది.

కాబట్టి కొనేముందు మీరు వెళ్లే వాగులో ఏ చేపలు పడతాయో కనుక్కోండి. ఎత్తైన సరస్సుల్లో చేపలు ఎక్కువగా చిన్నవే. 30 సెంటీమీటర్ల చట్రం చాలు, అంతకు మించినది మోయడం అనవసరం. దుకాణంలోనే ఒక చేతిలో కర్ర పట్టుకొని, రెండో చేత్తో వలను తీసి తెరిచి చూడండి. వాగులో చేపను అందుకునేముందు వలను తడపండి. వేరే వాగుకు వెళ్లేముందు కడిగి పూర్తిగా ఆరబెట్టండి, లేకపోతే ఒక నీటిలోని తెగుళ్లూ నత్తలూ మరో నీటికి చేరతాయి. ఇక జానెడు చేప పడితే వలను నడుంనుంచి తీయనే వద్దు. ఎదురుముల్లు లేని కొక్కేన్ని నీటిలోనే తిప్పి, చేపను ముట్టుకోకుండా వదిలేయండి.