429 కోట్ల 49 లక్షల 67 వేల 297

2తో మొదలుపెట్టి ప్రతిసారీ వర్గం చేస్తూ పోతే 2, 4, 16, 256, 65,536 వస్తాయి. ఒక్కోదానికీ 1 కలిపితే 3, 5, 17, 257, 65,537. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది 2³² + 1, అంటే 4294967297. ఈ వరుసలో అన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని 1640లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు, కానీ నిరూపించలేకపోయాడు. 1729లో గణితజ్ఞుడు గోల్డ్‌బాఖ్ ఆ సంగతిని తోటి గణితజ్ఞుడు ఆయిలర్ చెవిన వేశాడు. 1732లో ఆయిలర్ ఆరో సంఖ్యను విడగొట్టి చూపించాడు: 641 × 6700417.

641 అనేది 116వ ప్రధాన సంఖ్య. వరుసగా ఒక్కోదానితో భాగించి చూసినా ఎప్పటికో దొరికేదే. కానీ ఎక్కడ వెతకాలో ముందే తేల్చుకోవడం కారణాంకాల విద్యలో అసలు పనితనం. p అనే ప్రధాన సంఖ్య 2³² + 1ని నిశ్శేషంగా భాగిస్తే, 2³²ను pతో భాగించినప్పుడు శేషం −1 అవుతుంది. దాన్ని వర్గం చేస్తే 2⁶⁴కు శేషం 1. 2 ఘాతాల్లో 1 శేషంగా మిగిలేది మొదటిసారి అక్కడే. ప్రధాన సంఖ్య p అయితే 2 యొక్క p−1వ ఘాతానికి శేషం 1 అని మరో సూత్రం చెబుతుంది. కాబట్టి p−1ని 64 భాగించి తీరాలి. 64 గుణిజానికి 1 కలిపితే వచ్చే ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే పని అయిపోతుంది. p−1వ ఘాతం గురించిన ఆ సూత్రం కూడా ఫెర్మాదే, అదే 1640 నాటిది. ఆయన చేతిలో ఉన్న పనిముట్టే ఆయన అంచనాను కూల్చడానికి చాలు.

641 భాగిస్తుందని తెలుసుకోవడానికి పెద్ద భాగహారం కూడా అక్కర్లేదు. ఈ సంఖ్య గురించిన విషయాలన్నిటిలో ముచ్చటైనది ఇదే. 641 = 5 × 2⁷ + 1. అంటే 641తో భాగిస్తే 5 × 2⁷కు శేషం −1. నాలుగో ఘాతం తీసుకుంటే 5⁴ × 2²⁸కు శేషం 1. మరోవైపు 641 = 625 + 16, అంటే 5⁴ + 2⁴. కాబట్టి 5⁴ ఉన్నచోట −2⁴ రాయవచ్చు. అప్పుడు −2³²కు శేషం 1 అవుతుంది, 2³² + 1కి శేషం సున్నా.

రెండు వర్గాల మొత్తంగానూ 4294967297 రెండు విధాలుగా విడుతుంది: 65536² + 1², 62264² + 20449². ప్రధాన సంఖ్యకు అలాంటి రూపం ఒకటికి మించి ఉండదు. కనుక ఈ రెండో రూపం ఒక్కటే చాలు, ఇది సంయుక్త సంఖ్య అని చెప్పడానికి.

వరుసలో దీనికి ముందున్న ఐదు సంఖ్యలనూ గుణిస్తే 4294967295 వస్తుంది, దీనికన్నా సరిగ్గా 2 తక్కువ. 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య అదే. 17 భుజాల క్రమబహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని 1796లో గౌస్ కనిపెట్టాడు. ఆ దారిలోనే 4294967295 భుజాలదాన్నీ సిద్ధాంతరీత్యా గీయవచ్చు. 4294967297 భుజాలదాన్ని మాత్రం గీయలేం: భుజాల సంఖ్య బేసి అయితే దాని ప్రధాన కారణాంకాలన్నీ ఫెర్మా వరుసలోవే కావాలి, 641 ఆ వరుసలోది కాదు. 65,537 తర్వాత ఆ వరుసలో మరో ప్రధాన సంఖ్య ఇంతవరకూ దొరకలేదు. అందువల్ల గీయదగ్గ బేసి భుజాల క్రమబహుభుజులలో ఇప్పటికి తెలిసిన పెద్దది 4294967295 భుజాలదే.