పటము మీది గుర్తు, నేల మీది ఊరు

యుద్ధమునుగూర్చిన పుస్తకములలో కొన్ని శౌర్యమును పొగడును, కొన్ని శత్రువును తిట్టును. తమవారు చేసిన పనినే త్రాసులో వేసి తూచిన పుస్తకము అరుదు. అట్టిది ఒకటి 1961లో ఇంగ్లాండులో నాలుగు సంపుటములుగా వెలువడెను. రెండవ ప్రపంచయుద్ధములో జర్మనీమీద బ్రిటిషువారు జరిపిన బాంబు దాడుల అధికార చరిత్ర అది. కర్తలు సర్ చార్లెస్ వెబ్‌స్టర్, నోబుల్ ఫ్రాంక్‌లాండ్. వీరిలో ఫ్రాంక్‌లాండ్ యుద్ధకాలమందు బాంబరు విమానములో నావిగేటరుగా పనిచేసి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అను పతకమును పొందినవాడు. 2019లో మరణించెను.

నావిగేటరు పని యేమో కళింగపట్నము జాలరికి సులువుగా బోధపడును. తీరము కనబడని చోట పడవ ముందుకు సాగుచునే గాలికిని నీటి వాలుకును ప్రక్కకు జరుగుచుండును. ఏ దిక్కుగా, ఎంతసేపు, ఎంత వేగముతో వచ్చితిమో, గాలి ఎంత త్రోసెనో లెక్కించినగాని ఉన్న చోటు తెలియదు. చీకటి ఆకాశములో నావిగేటరు చేయునదియు ఇదే. వెలుగు బయటికి పోకుండ తెర కట్టుకొని, చిన్న దీపము క్రింద పటము పరచుకొని, పెన్సిలుతో గుర్తులు పెట్టుచుండును. చేరగోరిన చోటున గుర్తు పెట్టి సంతోషించువాడు తనతోకూడ విమానములోని వారందరిని చంపును. నిజముగా ఉన్న చోటనే గుర్తు పెట్టవలెను.

ఈ నిజాయితీయే ఆ గ్రంథమునకు వెన్నెముక. ఒక్క ఉదాహరణ చాలును. 1941లో బట్ అను ఉద్యోగి విమానములనుండి తీసిన ఛాయాచిత్రములను పరీక్షించెను. గురిని కొట్టితిమని చెప్పిన విమానములలో మూడింట ఒకటి మాత్రమే గురికి 5 మైళ్లలోపునకు చేరినదని తేలెను. 1942 ఫిబ్రవరిలో వచ్చిన ఆజ్ఞతో పట్టణములకు పట్టణములే గురులాయెను. కర్తలు ఈ సంగతులను కప్పిపుచ్చలేదు. ఈ దాడులు చాలకాలము ఆశించిన ఫలమియ్యలేదనియు, చివరి సంవత్సరమున నూనె కర్మాగారములమీదను రైలు మార్గములమీదను జరిగిన దాడులు జయమునకు మిక్కిలి తోడ్పడెననియు వ్రాసిరి. అందుకు ఇంగ్లాండులో కొందరు మండిపడిరి. ఆ బాంబరు దళములో 55,573 మంది ప్రాణములు విడిచిరి గనుక వారి బాధ అర్థము కానిది కాదు. అయినను చనిపోయినవారిని గౌరవించుటకు అబద్ధము అవసరము లేదు. అదే అపాయమును తానును పంచుకొనినవాడు సత్యము చెప్పుట వారికి అవమానము కాదు.

అయితే ఈ గ్రంథమునందు నాకొక కొరత కనబడుచున్నది. దాడి ఫలించెనా, లేదా అనునదే దాని ముఖ్యమైన ప్రశ్న. దాడి తగునా అను ప్రశ్నకు దొరికిన చోటు బహు కొంచెము. ఫ్రాంక్‌లాండ్ ఆ ప్రశ్ననుండి పారిపోయెనని నేననను. 1940, 1941లలో హిట్లరు చేతిలో ఓడిపోవుటయే అన్నిటికన్న గొప్ప అధర్మమై యుండెడిదని ఆయన జవాబు. అది బలమైన మాట. కాని 1945 ఫిబ్రవరిలో జయము వాకిట నిలిచియుండగా, డ్రెస్డెనులో సుమారు 25,000 మంది కాలిచనిపోయిన దానికి ఆ జవాబు చాలునా? మొదటి దినముల భయము చివరి దినముల పనిని సమర్థింపజాలదు.

ఈ మాట యుద్ధమధ్యముననే పలికినవాడు ఒకడుండెను. చిచెస్టరు బిషప్పు జార్జి బెల్ 1944 ఫిబ్రవరి 9న ప్రభువుల సభలో లేచి, పట్టణములను తుడిచివేయుట న్యాయమా అని తన ప్రభుత్వమునే అడిగెను. ఆయన హిట్లరుకు మిత్రుడు కాడు. జర్మనీనుండి పారిపోయి వచ్చినవారికి ఆశ్రయము చూపినవాడు. అయినను అనేకులు ఆయనను నిందించిరి. నీనెవె పట్టణములోని పసివారిని, పశువులను సహా దేవుడు లెక్కించెనని యోనా గ్రంథములో చదివిన మనకు ఆ బిషప్పు ప్రశ్న క్రొత్తది కాదు.

మన ప్రాంతమునకు ఇది దూరపు సంగతి అనుకొనవద్దు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్నముమీదను కాకినాడమీదను బాంబులు వేసెను. అప్పటికి శ్రీకాకుళము, విజయనగరము వేరు జిల్లాలు కావు. జనులు పట్టణము విడిచి పల్లెలకు తరలిపోయిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము గుంటూరుకు తరలెను. నౌకాయుద్ధ చరిత్రలలో ఆ దినము రెండు మూడు వాక్యములకు మించదు. ఆ విమానములలోను పటము చూచి దారి లెక్కకట్టినవారుండిరి. వారి పటముమీద మన ఊరు ఒక చుక్క. ఆ చుక్కలో పొయ్యిమీద కుండ పెట్టిన తల్లి యుండెను.

కాబట్టి యౌవనస్థులారా, యుద్ధ గ్రంథములను చదువుడి. నావిగేటరువలె ఉన్న చోటును ఉన్నట్టు చెప్పు రచయితను నమ్ముడి. కాని పుస్తకము మూయకముందు, క్రిందనున్నవారి మాట ఇందులో ఎక్కడనున్నదని అడుగుడి. అది లేనిచోట మనమే వారిని తలంచుకొనవలెను. వారు మన శత్రువుల పిల్లలైనను సరే.