రొమ్ములో గడ్డ: ముక్క తేల్చాల్సిందే

రొమ్ములో గట్టి గడ్డ, దాని మీద లోపలికి లాక్కుపోయిన చర్మం, మామోగ్రామ్‌లో అంచులు ముళ్లుగా చాచిన నీడ. ఈ మూడూ కలిస్తే ఏ డాక్టరుకైనా ముందు తట్టేది క్యాన్సరే. చర్మంలోనూ నాలుక మీదా ఎక్కువగా పుట్టే, సాధారణంగా క్యాన్సర్ కాని గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ అరుదుగా రొమ్ములో వచ్చినప్పుడు అచ్చం ఇలాగే ఉంటుంది. రష్యన్ పాథాలజిస్టు అబ్రికోసోవ్ 1926లో దీన్ని వర్ణించాడు. నరాల తొడుగులోని ష్వాన్ కణాల నుంచి పుడుతుంది కనుక పాలగ్రంథులతో దీనికి సంబంధం లేదు. క్యాన్సర్ ఎక్కువగా చంక వైపు పైభాగంలో వస్తే, ఇది తరచు లోపలి వైపు పైభాగంలో వస్తుంది. అది ఆనవాలే గాని రుజువు కాదు.

రుజువు ముక్కలో ఉంటుంది. సన్నసూది పరీక్ష ఒక్కటే చాలదు, లావు సూదితో ముక్క తీయాలి. పైచర్మం మాత్రమే గీసి తీస్తే మరో ప్రమాదం. ఈ కణితి మీది చర్మం మందమెక్కి, స్క్వేమస్ క్యాన్సరేమోనని భ్రమ పెడుతుంది. లోతుగా తీసిన ముక్కలో రేణువులు నిండిన పెద్ద కణాలు, చిన్న కేంద్రకాలు కనిపిస్తాయి. అపోక్రైన్ క్యాన్సర్ కణాలూ దాదాపు అలాగే ఉంటాయి కాబట్టి కణాల్లోని ప్రోటీన్లకు రంగు పట్టించి చూసే ఇమ్యునో పరీక్షలు చేయాలి. ఎస్-100 ప్రోటీన్‌కు రంగు పట్టి, సైటోకెరటిన్‌కు పట్టకపోతే అది గ్రాన్యులర్ సెల్ ట్యూమరే.

క్యాన్సర్ కాని మరో గడ్డ, చనుమొన అడినోమాదీ ఇదే తంతు. పుండు, రసి, రక్తం చూస్తే 1874లో పాజెట్ వర్ణించిన చనుమొన క్యాన్సరే అనిపిస్తుంది. పైపూత మందులతో నెలలు గడపకుండా ముక్క తీయించడమే దారి.

ముక్క తీయకుండానే క్యాన్సరని తేల్చేస్తే చికిత్సే చేటు చేస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మెథోట్రెక్సేట్, 1976లో మిలాన్ వైద్యులు ప్రకటించిన రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఒక మందు. అంత బలమైన మందు క్యాన్సర్ కాని గడ్డకు ఇస్తే హాని తప్ప మేలు లేదు. క్యాన్సరని పొరబడి రొమ్ము మొత్తం తీసేసిన కేసులు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. రాజోలు నుంచో అమలాపురం నుంచో కాకినాడ పెద్దాసుపత్రికి వచ్చే ఆడమనిషికి, ఎంత ఆలస్యమైనా, స్లయిడ్ చదివాకే ఆపరేషన్ సంగతి చెప్పాలి.

అలాగని రిపోర్టులో గ్రాన్యులర్ సెల్ ట్యూమరని, క్యాన్సర్ కాదని రాగానే గడ్డను వదిలేయకూడదు. చుట్టూ కొంత మంచి కండతో సహా తీయకపోతే మళ్లీ పుట్టవచ్చు. బహు అరుదుగా ప్రాణాంతకమూ అవుతుంది. అదే రొమ్ములో ఈ కణితితో పాటు అసలైన క్యాన్సర్ ఉన్న సందర్భాలూ నమోదయ్యాయి. రెండు గడ్డలుంటే రెండింటి నుంచీ విడివిడిగా ముక్కలు తీయాలి.